హెడర్ బిగించారు సరే, క్యాటలిటిక్ ఏమైంది? తిరుపతి అధికారులకు, ఎగ్జాస్ట్ షాపుల వారికి బహిరంగ లేఖ

తిరుపతి రోడ్ల మీద వాహనాల శబ్దం, పొగ చూడాల్సిన బాధ్యత ఉన్న అధికారులందరికీ, నగరంలో కార్ల ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగను బయటకు పంపే పైపుల) పని చేసే షాపుల యజమానులకు నమస్కారం.

నేను పాలిటెక్నిక్ విద్యార్థులకు చాలా ఏళ్ళు ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అలిపిరి రోడ్డుకు దగ్గరలో ఉంటాను. ఇవాళ మన ఊళ్ళో కార్లకు పని చేస్తున్న మెకానిక్కుల్లో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఇంజిన్లంటే గిట్టని మనిషి రాసిన లేఖగా దీన్ని చూడవద్దు. మంచి ఇంజిన్ నడుస్తుంటే ఆగి వినే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది.

రాత్రి పదకొండు దాటాక అలిపిరి రోడ్డులో, ఎయిర్ బైపాస్ రోడ్డులో, ఫ్లైఓవర్ మీద ఎగ్జాస్ట్ మార్పించుకున్న కొన్ని కార్లు చేస్తున్న శబ్దం గురించి మా వీధి వాళ్ళం అర్జీ ఇచ్చాం. ఒక కార్యాలయంలో శబ్దం తమ పరిధి కాదన్నారు. ఇంకోచోట బండికి చేసిన మార్పుల సంగతి తమకు సంబంధం లేదన్నారు. మరోచోట కాగితం తీసుకుని రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకు సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి కూడా అవే కార్లు అదే రోడ్డులో తిరిగాయి. అందుకే ఇప్పుడు అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

ముందు కారు కింద జరుగుతున్నదేమిటో చెప్పాలి. ఇది తెలియకుండా తనిఖీకి వెళితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అయినా, ఎస్సై అయినా వెనక పైపు ఒక్కటి చూసి వచ్చేస్తారు.

ఇంజిన్‌లో పెట్రోలు మండాక వచ్చే వేడి గ్యాసు మొదట చేరేది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లోకి. కంపెనీ కార్లలో ఇది ఎక్కువగా పోత ఇనుముతోనో, పొట్టి పైపులతోనో ఉంటుంది. ఖర్చు తక్కువ, చాలాకాలం మన్నుతుంది, చప్పుడును లోపలే అణిచేస్తుంది. కాని ఆ ఇరుకులో ఒక సిలిండర్ గ్యాసు ఇంకో సిలిండర్ గ్యాసుకు అడ్డం పడుతుంది. హెడర్ ఈ ఇబ్బంది తీర్చడానికి పుట్టింది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పొడవాటి పైపు పెట్టి, పొడవులు వీలైనంత సమానంగా వచ్చేలా వంచి, చివర కలెక్టర్ అనే ఒకే గొట్టంలో కలుపుతారు. ఒక సిలిండర్ నుంచి దూసుకుపోయిన గ్యాసు వెనకాల ఏర్పడే తక్కువ పీడనం తర్వాతి సిలిండర్‌లో మిగిలిన గ్యాసును లాగేస్తుంది. దీన్ని స్కావెంజింగ్ అంటారు. నాలుగు పైపులూ ఒకేచోట కలిస్తే 4-1 హెడర్, ముందు రెండేసి కలిసి తర్వాత ఒకటైతే 4-2-1 హెడర్. మొదటిది ఎక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లాభం ఇస్తుంది, రెండోది మధ్య ఆర్‌పీఎంలో. ఇందులో తప్పేమీ లేదు. అందమైన ఇంజినీరింగ్ ఇది. బోర్డు మీద గీసి ఎంతోమందికి నేర్పాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఇప్పటి పెట్రోలు కార్లలో మ్యానిఫోల్డ్‌ను ఆనుకునే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. దానిలోపల తేనెపట్టు లాంటి దిమ్మ, ఆ దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను, మండని పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను అది చాలావరకు హానిలేని వాయువులుగా మారుస్తుంది. బాగా వేడెక్కితేనే పని చేస్తుంది కాబట్టి, స్టార్ట్ చేసిన వెంటనే వేడెక్కాలని దాన్ని ఇంజిన్‌కు దగ్గరగా బిగిస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక ఇది ఇంకా ముఖ్యమైంది. చాలా మోడళ్ళలో మ్యానిఫోల్డ్ విప్పి హెడర్ బిగించాలంటే ఈ క్యాటలిటిక్ కూడా బయటకు వచ్చేస్తుంది. టర్బో (ఎగ్జాస్ట్ గ్యాసుతో తిరిగి ఇంజిన్‌కు ఎక్కువ గాలి పంపే పరికరం) ఉన్న కార్లలో అయితే చాలావాటికి విడిగా మ్యానిఫోల్డే ఉండదు, సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది. వాటికి టర్బో తర్వాత వచ్చే డౌన్‌పైప్ మారుస్తారు. అక్కడా పోయేది క్యాటలిటిక్కే.

క్యాటలిటిక్ లేకపోతే వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి పట్టేస్తుంది, మీటర్ బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఆ లైటు రాకుండా సెన్సర్‌ను గ్యాసుకు దూరం జరిపే స్పేసర్ ముక్క పెడతారు, లేదా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చి ఆ తనిఖీనే ఆపేస్తారు. అదే సాఫ్ట్‌వేర్‌తో, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు పెట్రోలు పైపులో మండి టపటపా పేలేలా కూడా సెట్ చేస్తారు. రాత్రి తుపాకీ పేలినట్టు వినపడి మా వీధి ముసలివాళ్ళు లేచి కూర్చునే శబ్దం అదే. దాని మీదట వెనక సైలెన్సర్ తీసేసి ఖాళీ పైపు బిగిస్తారు. ఇన్ని పనులు చేసి బిల్లు మీద మాత్రం 'హెడర్ ఫిట్టింగ్' అని ఒక్క మాట రాస్తారు.

దీనికి వచ్చే ఫలితం? టర్బో లేని చిన్న ఇంజిన్‌లో ఒక్క హెడర్ మారిస్తే పెరిగేది కొద్దిపాటి హార్స్‌పవర్, అదీ ఇంజిన్ బాగా తిరిగినప్పుడు. లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా చట్టప్రకారం నడిపితే ఆ ఆర్‌పీఎంకు చేరాల్సిన అవసరమే రాదు. జనానికి మిగిలేది చప్పుడు, విషవాయువు.

దీనివల్ల ఎవరు నష్టపోతున్నారో చెబుతాను.

1. రోగులు. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు, పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం అన్నీ అలిపిరి రోడ్డు చుట్టుపక్కలే ఉన్నాయి. రాయలసీమ జిల్లాల నుంచి, పక్కన తమిళనాడు నుంచి కూడా ఇక్కడికి వస్తారు. గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లలు పడుకునే చోటు అది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 40 డెసిబెల్స్. ఇళ్ళుండే ప్రాంతంలో 45. కంపెనీ నుంచి వచ్చే ప్యాసింజర్ కారుకే, వేగం పెంచుతూ పక్కనుంచి వెళ్ళే పరీక్షలో 74 డెసిబెల్స్ పరిమితి ఉంది. అంటే మామూలు కారుతోనే ఆ రోడ్డులో జాగ్రత్తగా వెళ్ళాలి. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, చెవికి సుమారు రెండింతలు. వార్డులో రోగి పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్న తల్లికి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

2. కాలినడక భక్తులు. అలిపిరి మెట్ల దారి వైపు, శ్రీవారి దర్శనం టోకెన్ల క్యూల వైపు జనం రాత్రిపూట కూడా నడుస్తుంటారు. చంకలో నిద్రపోతున్న బిడ్డ, నెత్తిన సంచి, ఊరు కొత్త, రోడ్డు కొత్త. వెనకనుంచి ఒక్కసారిగా ఆ పేలుడు వినపడితే ఉలిక్కిపడి ఎటు జరుగుతారో వాళ్ళకే తెలియదు. పక్కన వేగంగా బండ్లు. ఈ ఒక్క ప్రమాదం చాలు ఆ రోడ్డులో ఇలాంటి కార్లు తిరగకూడదనడానికి.

3. నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రిపూట రోడ్డు శబ్దం సగటున 45 డెసిబెల్స్ లోపు ఉండాలని చెప్పింది. అంతకు మించితే నిద్ర చెడుతుందని ఆ మార్గదర్శకాలే అంటున్నాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి పూల మార్కెట్‌కు, పాల వ్యాన్‌కు, హోటల్ వంటింటికి వెళ్ళే వాళ్ళు మా వీధిలో ఉన్నారు. వాళ్ళకు ఆ నాలుగైదు గంటల నిద్రే ఉన్నది.

4. షాపులో పని చేసే కుర్రాళ్ళు. వీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. షట్టర్ సగం దించి, క్యాటలిటిక్ లేని ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్ చేస్తూ ట్యూనింగ్ చేస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వస్తే ఎండదెబ్బ అనుకుంటారు. నేను పాఠం చెప్పిన పిల్లలు ఆ గదుల్లో ఉన్నారన్న దిగులు నన్ను వదలడం లేదు.

5. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు. పాత యజమాని ఒరిజినల్ క్యాటలిటిక్ అమ్ముకున్నాడు, లైటు సాఫ్ట్‌వేర్‌తో ఆపించాడు. కొన్నవాడికి ఆ సంగతి తెలియదు. కొత్తది పెట్టించాలంటే పెద్ద మొత్తం. పైగా చెప్పకుండా మార్పులు చేసిన కారుకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ దగ్గర పేచీ పెడుతుంది.

6. కారు యజమాని కూడా. గ్యాస్కెట్ (అతుకు దగ్గర పెట్టే సీలు) సరిగా కూర్చోక సెన్సర్‌కు ముందు లీకైతే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ ఎక్కువుందని సెన్సర్ పొరపడుతుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. వేడిని ఆపే రేకు (హీట్ షీల్డ్) మళ్ళీ బిగించకపోతే పక్కనున్న వైరింగ్, రబ్బరు గొట్టాలు మాడతాయి. లీకైన గ్యాసు క్యాబిన్‌లోకి వస్తే ఏసీ వేసుకుని పడుకున్నవాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. వేసవిలో జూపార్కు రోడ్డు వైపు, శేషాచలం అంచుల్లో ఎండుగడ్డి మీద అలాంటి కారు ఆపడం ఎంత ప్రమాదమో విడిగా చెప్పాలా?

ఇక పరిధి గురించి. మాది కాదు, మాది కాదు అని మమ్మల్ని తిప్పారు. చట్టం మాత్రం అంత గజిబిజిగా లేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని అంటోంది. శబ్దం, గాలి కాలుష్యం ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుకు మూడు నెలల అనర్హత ఉన్నాయి. ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం చెబుతోంది. శబ్ద నియమాల కింద చర్య తీసుకునే అధికారుల్లో జిల్లా మేజిస్ట్రేట్ ఉన్నారు, ఆ పనికి నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉన్నారు. ఇక పరిధి ఎవరిది అన్న ప్రశ్న ఎక్కడుంది?

షాపుల వారు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ చట్టం రెండో సెక్షన్‌లో 'డీలర్' అంటే బండ్లు అమ్మేవాడు మాత్రమే కాదు. వాహనాల రిపేరు పని చేసేవాళ్ళు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. నిర్మాణ ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చిన డీలర్‌కు 182ఏ కింద ఒక్కో బండికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది వరకు జైలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ పట్టుబడ్డవాడు స్టీరింగ్ వెనకున్న కుర్రాడు ఒక్కడే. డబ్బు తీసుకుని క్యాటలిటిక్ విప్పినవాడి జోలికి ఎవరూ పోలేదు.

మా డిమాండ్లు ఇవి.

1. రుయా నుంచి అలిపిరి వరకు ఆసుపత్రులు, విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా అధికారికంగా ప్రకటించి, తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో బోర్డులు పెట్టాలి. హారన్ బొమ్మ మీద అడ్డగీత గీసిన బోర్డు ఒక్కటే సరిపోదు. మార్చిన ఎగ్జాస్ట్ కూడా నేరమని అందులో రాయాలి.

2. రాత్రి గస్తీకి సౌండ్ మీటర్లు ఇవ్వాలి. చెవితో విని రాసిన చలానా కోర్టులో నిలబడడం కష్టం. ఆగి ఉన్న బండి శబ్దం కొలిచే పద్ధతి మనకు ఐఎస్ 10399 అనే భారతీయ ప్రమాణం రూపంలో ఉంది. పైపు నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి చూడాలి. మార్పులు చేయని అదే మోడల్ కారుతో పోల్చితే తేడా అక్కడికక్కడే తేలిపోతుంది.

3. పట్టుకున్న కారుకు జరిమానా రాసి వదిలేయకూడదు. ఒరిజినల్ క్యాటలిటిక్, సైలెన్సర్ బిగించి, రవాణా అధికారికి చూపించాకే తాళం ఇవ్వాలి. జరిమానా ఒక్కటే అయితే, డబ్బున్న ఇంటి పిల్లాడికి అది రోడ్డు టోల్ కట్టినట్టే.

4. పొల్యూషన్ సర్టిఫికెట్ కేంద్రాల్లో ఇప్పుడు వెనక పైపులో గొట్టం పెట్టి గ్యాసు చూస్తారు, శబ్దం చూడరు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్ళీ ఫిట్‌నెస్ చూసేది పదిహేనేళ్ళకు. ఈ మధ్యలో కారు కింద టార్చి వేసి చూసే మనిషే లేడు. క్యాటలిటిక్ లేదని తెలిస్తే సర్టిఫికెట్ ఆపి, నంబరు రవాణా శాఖకు పంపాలని జిల్లా స్థాయిలోనే ఆదేశం ఇవ్వండి. మీటరుతో శబ్దం కొలవడం ఈ పొల్యూషన్ తనిఖీలో (పీయూసీ) చేర్చాలని రాష్ట్రం ద్వారా కేంద్రానికి రాయండి.

5. ఎగ్జాస్ట్ షాపులన్నిటికీ నోటీసులిచ్చి, విప్పిన ప్రతి క్యాటలిటిక్‌కు రిజిస్టర్ పెట్టించండి. ఏ కారు నుంచి విప్పారు, ఎందుకు విప్పారు, దాని స్థానంలో ఏం పెట్టారు అన్నవి అందులో ఉండాలి.

6. ఈ తనిఖీల పేరుతో పేదవాళ్ళను వేధించవద్దు. తుప్పు పట్టి సైలెన్సర్ చిల్లుపడిన పాత ఆటో వేరు, డబ్బు పెట్టి చప్పుడు కొనుక్కున్న కారు వేరు. ఆటో అన్నకు రిపేరుకు గడువివ్వండి. అలాగే కంపెనీ నుంచే కొంచెం గట్టిగా శబ్దం చేసే కార్లు కొన్ని ఉన్నాయి, అవి పరీక్షలు పాసై వచ్చినవి. వాటి జోలికీ పోనక్కర్లేదు. మీటరు ఉంటే ఈ తేడా తెలుస్తుంది, అందుకే రెండో డిమాండ్ అన్నిటికంటే ముఖ్యం.

మెకానిక్కులకు, ముఖ్యంగా నా దగ్గర చదువుకున్న వాళ్ళకు రెండు మాటలు. మీకు పని కావాలి, అద్దె కట్టాలి, నాకు తెలుసు. మేం చేయకపోతే పక్క షాపువాడు చేస్తాడని అంటారు. పక్క షాపువాడికీ ఈ లేఖ చేరుతుంది. గ్యాస్కెట్ సరిగా కూర్చోబెట్టి, స్టడ్లు సరైన టార్క్‌తో బిగించి, ఇంజిన్ వేడెక్కి చల్లారాక మళ్ళీ చెక్ చేసే చేయి ఉన్నవాళ్ళు మీరు. ఆ పనితనాన్ని పసిపిల్లల నిద్ర చెడగొట్టడానికి అమ్మకండి. క్యాటలిటిక్ తీయమని వచ్చిన వాడికి తీయనని చెప్పండి. చట్టం కాపీ గోడకు అంటించి చూపించండి.

కార్ల మీద నిజంగా ప్రేమ ఉన్న పిల్లలకు దారి ఉంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకుని పోటీల్లో దిగవచ్చు. హెడర్ విలువ తెలిసేది అక్కడే, ఇంజిన్ ఆర్‌పీఎం పైకి ఎక్కి అక్కడే నిలబడినప్పుడు. రేసు కారును రేసుకే ఉంచి, ట్రాక్ దాకా ట్రక్కు మీద తీసుకెళ్ళండి. ఆసుపత్రి గోడ పక్కన పరీక్ష పెట్టుకోవద్దు.

అధికారులకు చివరిగా ఒక విన్నపం. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏ డిమాండ్ ఎవరి బాధ్యతో, ఎప్పటిలోగా చేస్తారో అందులో ఉండాలి. మళ్ళీ 'పరిష్కారమైంది' అన్న మెసేజ్ ఒక్కటే వస్తే, ఇదే లేఖను శబ్ద నియమాల కింద ఫిర్యాదుగా మార్చి, మా వీధి వాళ్ళందరి సంతకాలతో కలెక్టర్ గారి ముందు పెడతాం. అక్కడా కదలిక లేకపోతే హైకోర్టుకు వెళతాం.

క్యాటలిటిక్ ఉందో లేదో కింద నుంచి చూసి గుర్తుపట్టడం, మీటరు పెట్టి శబ్దం కొలవడం ఒక్క పూటలో నేర్చుకునే పనులే. మీ సిబ్బందికి నేర్పడానికి నేను సిద్ధం. పైసా తీసుకోను. స్థలం, సమయం మీరు చెప్పండి, విప్పి చూపించడానికి ఒక పాత మ్యానిఫోల్డ్ నేనే తెస్తాను.

ఇట్లు,
అలిపిరి రోడ్డు ప్రాంత వాసి, విశ్రాంత ఆటోమొబైల్ అధ్యాపకుడు
తిరుపతి